షుగర్ తగ్గాక రండి: విశాఖ తీరంలో ఒక శుక్లం కేసు

రోగి అరవై రెండేళ్ల మహిళ. భర్త లేరు. చేపలు అమ్ముకుని బతుకుతారు. విశాఖపట్నం బీచ్ రోడ్డుకు దిగువన ఉన్న ఒక జాలరి పేటలో కొడుకు, కోడలు, పన్నెండేళ్ల మనవరాలితో కలిసి ఉంటారు. మా దగ్గరకు వచ్చేనాటికి కుడి కంటికి వెలుగు తెలియడం తప్ప మరేమీ కనిపించడం లేదు. ఎడమ కంటితో రెండు మీటర్ల దూరంలో వేళ్లు లెక్కపెట్టగలుగుతున్నారు, అంటే 2/60 (మామూలు కన్ను అరవై మీటర్ల నుంచి చూడగలిగింది ఆమె రెండు మీటర్ల నుంచే చూడగలరు). రెండు కళ్లలో మెరుగైన దానిలో చూపు 3/60 కన్నా తక్కువైతే దాన్ని అంధత్వం అంటారు. ఆ లెక్క ప్రకారం ఆమె అంధురాలు. కారణం రెండు కళ్లలోనూ ముదిరిన శుక్లం, అంటే కంటి లోపలి కటకం మసకబారడం.

శుక్లానికి ఆపరేషన్ ఉంది, అది ఉచితంగానూ దొరుకుతుంది. విశాఖలోనైతే అసలు కొరతే లేదు. వాల్తేరులో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి, ఊరి నడిబొడ్డున కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్), హనుమంతవాక దగ్గర 2006 నుంచి ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ప్రాంగణం, సింహాచలం దారిలో శంకర్ ఫౌండేషన్ ఉన్నాయి. నేను పనిచేసేది ఇలాంటి ధర్మాసుపత్రుల్లోనే ఒక చిన్న దానిలో. ఆమె ఇంటి నుంచి ఆటో ఎక్కితే వీటిలో ఏదో ఒకదానికి అరగంటలో చేరుకోవచ్చు. అయినా ఆమె రెండేళ్లపాటు చూపు లేకుండా ఉండిపోయారు. ఈ కేసు రాయడానికి కారణం అదే. ఆమె అనుమతితోనే రాస్తున్నాను, ఎవరన్నది తెలిసిపోయే వివరాలు మార్చాను.

దేశంలో 2015–19 మధ్య జరిగిన జాతీయ సర్వేలో, యాభై ఏళ్లు దాటినవారిలో 1.99 శాతం మందికి అంధత్వం ఉందని తేలింది. అందులో 66.2 శాతానికి కారణం ఆపరేషన్ జరగని శుక్లం. 1976లోనే జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం మొదలుపెట్టిన దేశం మనది. ఇన్నేళ్లు గడిచినా ఆపరేషన్ జరగనివారు ఎవరు అని అడిగితే, మారుమూల ఏజెన్సీ గ్రామాలవారని చాలామంది జవాబిస్తారు. పాడేరు పైన కొండల్లో ఆ ఇబ్బంది ఉన్న మాట నిజం. కానీ నగరం నడుమనే, శిబిరం దాకా వచ్చి, శుక్లం ఉందని తేలి, చీటీ చేతిలో పెట్టుకుని ఇంటికి తిరిగి వెళ్లినవారూ ఉన్నారు. మా రోగి వారిలో ఒకరు.

మొదటి శిబిరం

మేము కలవడానికి సుమారు రెండేళ్ల ముందు, పేటకు దగ్గరలోని ఒక పాఠశాలలో ఉచిత కంటి శిబిరం జరిగింది. ఆమె వెళ్లారు. కుడి కంట్లో శుక్లం ముదిరిందని చెప్పి, రక్తపరీక్ష చేశారు. షుగర్ 312 వచ్చింది. తనకు ఆ జబ్బు ఉన్నట్టు ఆమెకు అప్పటివరకు తెలియదు. చీటీ మీద "షుగర్ తగ్గాక రండి" అని రాసి పంపేశారు.

వైద్యపరంగా ఆ నిర్ణయం సరైనదే. షుగర్ అంత ఎక్కువగా ఉన్నప్పుడు ఆపరేషన్ చేస్తే కంటి లోపల ఇన్ఫెక్షన్ వచ్చే ప్రమాదం పెరుగుతుంది, గాయం మానడం ఆలస్యమవుతుంది. ఆ స్థానంలో నేనున్నా ఆ రోజు ఆపరేషన్ చేసేదాన్ని కాదు. నా అభ్యంతరం ఆ తర్వాత జరిగిన దాని మీద. షుగర్ ఎలా తగ్గుతుంది, మందు ఎక్కడ ఇస్తారు, ఎన్నాళ్లకు తిరిగి రావాలి, వచ్చి ఎవరిని అడగాలి? ఇవేవీ ఆ చీటీలో లేవు. శిబిరం ఒక్క రోజుది. మర్నాటికి పాఠశాలలో బల్లలు యథాస్థానానికి వెళ్లిపోయాయి. తిరిగి రావడానికి అక్కడ ఎవరూ లేరు.

ఆమెకు చదువు రాదు. చీటీ చదివి పెట్టినవారు ఏం చెప్పారో తెలియదు కానీ, ఆమె మనసులో నిలిచిపోయిన మాట మాత్రం ఇది: "నా కన్ను ఆపరేషన్‌కు పనికిరాదట." రెండేళ్లపాటు అడిగిన వారందరికీ ఆమె అదే చెప్పారు.

శిబిరాల రిజిస్టర్లు చూసే అలవాటు ఉన్నవారికి ఈ సంగతి తెలుసు. ఆపరేషన్ అయినవారి వరుసలో పేరు, వయసు, కన్ను, కటకం పవరు, మర్నాటి చూపు అన్నీ ఉంటాయి. తిరిగి పంపినవారి ఎదురుగా ఒక్క మాటే కనిపిస్తుంది: "షుగర్", "బీపీ", "కంటిలో చీము", "తోడు లేరు", "మళ్లీ వస్తానన్నారు". స్వచ్ఛంద సంస్థలకు ప్రభుత్వ సాయం అందేది చేసిన ఆపరేషన్ల లెక్కన. దాతలు అడిగేదీ ఎన్ని ఆపరేషన్లు చేశారనే. ఏడాది చివర వేసే నివేదికలోనూ ఆ సంఖ్యే పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఎంతమందిని తిరిగి పంపారు, వారేమయ్యారు అని అడిగేవారు లేరు. మేము పని మొదలుపెట్టింది సరిగ్గా అక్కడి నుంచే. తీర ప్రాంతంలో గతంలో శిబిరాలు జరిపిన నిర్వాహకులను బతిమాలి పాత రిజిస్టర్లు తీసుకున్నాం. తిరిగి పంపినవారి పేర్లు ఏరి, మా క్షేత్ర కార్యకర్తకు ఇచ్చాం. ఆ పేటలోనే పుట్టి పెరిగిన అమ్మాయి కాబట్టి ఇంటి నంబరు అవసరం లేకుండా ఫలానా వారి కోడలు, ఫలానా బోటు డ్రైవరు తల్లి అని అడుగుతూ వెళ్లగలదు.

ఆమె రానన్న కారణం

మొదటిసారి కార్యకర్త వెళ్తే ఆమె తలుపు దగ్గరే మాట తేల్చేశారు. "పనికిరాదని ఎప్పుడో చెప్పేశారు తల్లీ, మళ్లీ ఎందుకు ఆశ పెడతారు?"

తర్వాత నేనూ వెళ్లాను. మాట్లాడుతూ ఉంటే ఆమె రోజు ఎలా గడుస్తుందో తెలిసింది. తెల్లవారుజామున ఫిషింగ్ హార్బర్‌లో వేలం పాటకు వెళ్తారు. ఒకప్పుడు మొప్ప ఎత్తి ఎరుపు చూసి సరుకు తాజాదో కాదో చెప్పేవారు. ఇప్పుడు చేప పొట్ట వేలితో నొక్కి, వాసన చూసి కొంటున్నారు. కానాగడతలైనా, నెత్తళ్లైనా చేతికి తెలుస్తాయి. డబ్బు మాత్రం చేతికి తెలియడం లేదు. ఇరవై నోటు, రెండు వందల నోటు రెండూ పసుపు ఛాయలోనే ఉంటాయి. శుక్లం ఉన్న కంటికి ఆ తేడా అందదు. ఒకటి రెండుసార్లు చిల్లర ఇవ్వడంలో గట్టిగా నష్టపోయాక, సెలవు రోజుల్లో మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుంటున్నారు. బడి ఉన్న రోజుల్లో తెలిసిన ఇళ్లకే అమ్ముతున్నారు, వాళ్లు చెప్పిన లెక్కే లెక్క. కొడుకు మరపడవ మీద వేటకు వెళ్తే వారాల తరబడి రాడు. కోడలు రొయ్యల కంపెనీలో షిఫ్టుకు వెళ్తుంది. ఆసుపత్రికి తోడు ఎవరు వస్తారు? ఒక రోజు వేలం మానేస్తే ఆ రోజు కూడు ఎలా?

ఇవన్నీ చెప్పాక, అన్నిటికన్నా బలమైన కారణం చివర్లో బయటపడింది. పక్కింట్లో వరసకు వదిన అయ్యే ఆవిడ కొన్నేళ్ల క్రితం ఒక చోట శుక్లం ఆపరేషన్ చేయించుకున్నారు. ఏడాదికి పైగా బాగానే కనిపించింది. ఆ తర్వాత మళ్లీ మసక కమ్మింది. ఇప్పుడు గడప దాటాలన్నా తడుముకుంటున్నారు. "ఆపరేషన్ చేస్తే ఏడాదే చూపు, తర్వాత ఉన్నదీ పోతుంది" అన్న మాట ఆ వీధిలో స్థిరపడిపోయింది. వీధిలో అందరికీ కళ్లెదుట కనిపిస్తున్న ఆ మనిషి ముందు మా కరపత్రాలు ఏం పనిచేస్తాయి?

అందుకని ముందు ఆ వదినగారిని ఆసుపత్రికి తీసుకొచ్చాం. శుక్లం తీసేటప్పుడు దాని వెనుక ఉండే పలుచని సంచి పొరను ఉంచి, అందులోనే కొత్త కటకం అమరుస్తారు. కొందరిలో నెలలకో ఏళ్లకో ఆ పొర మందమై చూపుకు అడ్డం వస్తుంది. ఆమెకు జరిగింది అదే. చూపు ఎక్కడికీ పోలేదు. యాగ్ లేజర్ యంత్రం ముందు కూర్చోబెట్టి పొర మధ్యలో చిన్న రంధ్రం చేశాం. కోత లేదు, కట్టు లేదు, కొన్ని నిమిషాల పని. మర్నాడు ఆమె తన వీధిలో ఒంటరిగా నడిచి వెళ్లి మా రోగి ఇంటి ముందు కూర్చున్నారు. ఆ తర్వాత మా కార్యకర్త చెప్పాల్సిన మాటలు చాలావరకు ఆమే చెప్పారు.

ఇది ప్రత్యేకంగా రాయడానికి కారణం ఉంది. ఇదే జాతీయ సర్వేలో యాభై దాటినవారి అంధత్వానికి శుక్లం ఆపరేషన్ అనంతర సమస్యలు కూడా 7 శాతం పైచిలుకు కారణమని తేలింది. ఆపరేషన్ అయిపోయిందని జాబితా నుంచి తీసేసినవారిలో మసక చూపుతో మిగిలినవారు ఉంటే, వారి చుట్టుపక్కల ఎవరూ ఆపరేషన్‌కు రారు. కొత్త రోగిని వెతికే ముందు ఆ వీధిలో పాత రోగి ఎలా ఉన్నారో చూడటం ఇప్పుడు మాకు నియమం.

ఎప్పుడు చేయాలి

మార్చి నెలలో ఆమెను పూర్తిగా పరీక్షించాం. కుడి కంట్లో కంటిపాప తెల్లగా, లోపలి రెటీనా (వెలుగును గ్రహించే పొర) కనిపించనంతగా శుక్లం. నాలుగు దిక్కుల నుంచి టార్చి వేస్తే వెలుగు ఎటు నుంచి వస్తోందో సరిగ్గా చెప్పగలిగారు. కంటిపాప స్పందన బాగుంది, కంటి పీడనం మామూలుగానే ఉంది, 16. అల్ట్రాసౌండ్‌లో రెటీనా తన స్థానంలోనే ఉంది. అంటే ఆపరేషన్‌తో చూపు వచ్చే అవకాశం బాగానే ఉంది. ఎడమ కంట్లో గోధుమ రంగు తిరిగిన గట్టి శుక్లం, పీడనం 18. షుగర్ 290.

పట్టణ ఆరోగ్య కేంద్రంలో షుగర్ మాత్రలు ఉచితంగా ఇస్తారు. అక్కడి డాక్టరు ఉదయం, రాత్రి భోజనం తర్వాత వేసుకోమని రాశారు. కానీ ఆమె నాలుగు గంటలకే ఒక టీ తాగి హార్బర్‌కు వెళ్తారు, పదకొండు దాటాక గానీ అన్నం తినరు. ఖాళీ కడుపున మాత్ర వేసుకుంటే కడుపులో తిప్పుతోందని రెండో వారానికే మానేశారు. విషయం తెలిశాక ఆ డాక్టరుతోనే మాట్లాడి మధ్యాహ్నం, రాత్రి భోజనాలకు మార్పించాం. షుగర్ తగ్గాక రండి అన్న ఒక్క వాక్యంలో ఇంత పని దాగి ఉంటుంది.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులపాటు, మరపడవల మీద, మోటారు పడవల మీద వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆ నిషేధం. ఆ రోజుల్లో కొడుకు ఇంట్లోనే ఉంటాడు. హార్బర్‌లో వేలం దాదాపు ఉండదు కాబట్టి ఆమెకు పోయే కూలీ తక్కువ. మనవరాలికి వేసవి సెలవులు, చుక్కల మందు వేసే చేయి దొరుకుతుంది. జాలరి పేటకు ఇంతకన్నా అనుకూలమైన కాలం ఏడాదిలో మరొకటి లేదు. అయినా తీరంలో శిబిరాలు ఎక్కువగా జరిగేది చలికాలంలో, అంటే వేట జోరుగా సాగే రోజుల్లో.

దానికి కారణం మనందరికీ తెలిసిన నమ్మకమే. ఎండల్లో కంటి ఆపరేషన్ చేయిస్తే చీము పడుతుందని, గాయం మానదని పెద్దలు అంటారు. పెద్ద కోత కోసి, కుట్లు వేసి, రోజుల తరబడి కట్టుతో పడుకోబెట్టిన కాలంలో ఆ భయానికి అర్థం ఉండేది. ఇప్పుడు కుట్టు లేని చిన్న కోత. ఉక్కపోతకు కన్ను పాడవదు. మురికి చేతితో నలపడం, కంట్లో నీళ్లు పడటం, చెప్పిన మందు మానేయడం వల్ల పాడవుతుంది, అది ఏ కాలంలోనైనా అంతే. ఈ మాట కొడుకును కూర్చోబెట్టి చెప్పాను. అతను అన్నీ విని ఒకటే అడిగాడు: "నిషేధం అయ్యేలోపు అమ్మ తట్ట ఎత్తుకోవచ్చా డాక్టరమ్మా?" మే మొదటి వారంలో చేయిస్తే ఎత్తుకోవచ్చని చెప్పాను. అలా తేదీ కుదిరింది.

ఆపరేషన్, ఆ తర్వాత

ఆపరేషన్ రోజున షుగర్ 174. కుడి కంటికి చేశాం. కంటి పక్కన మత్తు ఇంజెక్షన్, పోవిడోన్ అయోడిన్ చుక్కలతో శుభ్రం చేయడం, తెల్లగుడ్డులో ఆరు మిల్లీమీటర్ల పైచిలుకు కోత, తెల్లని శుక్లం మీది పలుచని పొర కనిపించడానికి నీలి రంగు మందు, గట్టిపడిన గుజ్జు తీసి, ముందే కొలిచి ఎంచుకున్న కటకం అమర్చడం. చివర్లో కంటి లోపలికి యాంటీబయాటిక్. కోత దానంతట అదే మూసుకుంది. ఏ ఇబ్బందీ రాలేదు. ఈ పద్ధతికి ఖరీదైన యంత్రం అవసరం లేదు, గట్టి శుక్లానికి బాగా పనికొస్తుంది. 1992లో మదురైలో ఆరోల్యాబ్ మొదలై కటకాలు చవకగా తయారు చేయకపోతే మాలాంటి ఆసుపత్రులు ప్రతి పేద రోగికీ కటకం పెట్టగలిగేవి కావు. ఆ రుణం మేము మరచిపోకూడదు.

మర్నాడు చూపు 6/36, నల్లగుడ్డులో కొద్దిగా వాపు. వారానికి 6/18. స్టెరాయిడ్ చుక్కలు మొదట రోజుకు ఆరుసార్లు, తర్వాత వారం వారం తగ్గించుకుంటూ ఆరు వారాలు వేయాలి. చదువు రాని ఇంట్లో ఈ లెక్క తప్పడం మామూలు. మనవరాలు గోడ క్యాలెండర్‌లో ప్రతి తేదీ గడిలో ఆ రోజు వేయాల్సినన్ని చుక్కలు పెన్సిల్‌తో పెట్టి, మందు వేసిన ప్రతిసారీ ఒక చుక్క మీద అడ్డగీత కొట్టింది. తిరిగి చూపించుకోవడానికి వచ్చిన రోజున ఆ కాగితం చింపి తెచ్చింది. ఒక్క గడి కూడా ఖాళీగా లేదు. ఇప్పుడు మేము ఇచ్చే మందుల కార్డు ఆ పద్ధతిలోనే అచ్చు వేయించాం.

ఆరు వారాలకు కళ్లజోడుతో 6/9. దగ్గరి చూపుకు వేరే పవరు. చేప మొప్ప, నోటు రంగు రెండూ తెలుస్తున్నాయి. శుక్లం తొలగాక రెటీనా కనిపించింది. అందులో చిన్నచిన్న రక్తపు చుక్కలు ఉన్నాయి. షుగర్ వల్ల రెటీనా దెబ్బతినడం మధ్యస్థ దశలో ఉంది. చూపుకు కీలకమైన మధ్యభాగంలో వాపు లేదు కాబట్టి ప్రస్తుతానికి చికిత్స అవసరం లేదు, ఆరు నెలలకోసారి పరీక్ష తప్పనిసరి. మందు లేకుండా గడిచిన ఆ రెండేళ్లలో శుక్లం వెనుక ఈ నష్టం కూడా ఎవరి కంటా పడకుండా పెరుగుతూ వచ్చింది. శుక్లం పోగొట్టిన చూపును తిరిగి తేగలం. రెటీనాకు జరిగిన నష్టంలో చాలావరకు అలా తిరిగి తేలేం.

రెండో కన్ను

నిషేధం ముగిసేలోపే ఎడమ కంటికి కూడా చేయాలనుకున్నాం. జూన్ మొదటి వారంలో పిలిస్తే షుగర్ 246 ఉంది. మామిడిపళ్ల కాలం, ఇంటినిండా బంధువులు. వాయిదా వేయక తప్పలేదు. ఆమె వెంటనే అన్నారు: "ఒక కన్ను వచ్చింది కదమ్మా, చాల్లే."

ఒక కంటికి 6/9 రావడంతో జాతీయ లెక్కలో ఆమె అంధుల జాబితా నుంచి బయటపడ్డారు. చాలా కార్యక్రమాల ఆసక్తి ఇక్కడితో ముగుస్తుంది. కానీ ఒంటి కంటితో మెట్టు లోతు సరిగ్గా అంచనా వేయలేరు. తడిసిన హార్బర్ గట్టు మీద తట్టతో నడిచే మనిషికి, కత్తిపీట మీద చేప కోసే మనిషికి ఆ తేడా చిన్నది కాదు. పైగా అలాగే వదిలేస్తే ఎడమ కంటి శుక్లం పూర్తిగా ముదిరి, లోపల కారి, పీడనం పెరిగి, భరించలేని నొప్పితో ఆ కన్ను శాశ్వతంగా పోయే ప్రమాదం ఉంది.

ఈసారి ఆమె పేరు మా రిజిస్టర్‌లో తిరిగి పంపినవారి పేజీలోకి వెళ్లింది. దాని ఎదురుగా కారణం, మందు ఇచ్చే ఆరోగ్య కేంద్రం, మళ్లీ పరీక్షించే తేదీ, కొడుకు ఫోను, అతను సముద్రం మీద ఉంటే కోడలి ఫోను, బాధ్యత తీసుకున్న కార్యకర్త పేరు రాశాం. తేదీ ఎంచుకోమంటే ఆమే చెప్పారు: కార్తీక మాసంలో. ఆ నెలలో చాలా ఇళ్లలో చేప తినరు, బేరాలు పడిపోతాయి. ఆమె వ్యాపారం గురించి ఆమెకు తెలిసినంత మాకేం తెలుసు! కార్తీకంలో షుగర్ 168 ఉండగా ఎడమ కంటికి ఆపరేషన్ చేశాం. ఆరు వారాలకు కళ్లజోడుతో 6/12. ఆ కంటి రెటీనాలోనూ అదే దశ నష్టం ఉంది.

ఇప్పుడు మేము చేస్తున్నది

2021లో ప్రపంచ ఆరోగ్య సభ ఆమోదించిన లక్ష్యం ప్రకారం, 2030 నాటికి శుక్లం ఆపరేషన్ల ప్రభావవంతమైన వ్యాప్తిని, అంటే ఆపరేషన్ అవసరమైనవారిలో అది జరిగి మంచి చూపు వచ్చినవారి శాతాన్ని, 30 శాతం పాయింట్లు పెంచాలి. ఈ కొలతలో ఆపరేషన్ అయితే సరిపోదు, మంచి చూపు రావాలి. అవసరం ఉండీ ఆపరేషన్ జరగనివారు కూడా హారంలో ఉంటారు. అంటే తిరిగి పంపినవారు ఇక్కడ లెక్కలోకి వస్తారు. మా ఆసుపత్రి నెలవారీ సమావేశంలో ఇప్పుడు మొదట తెరిచేది ఆ పేజీనే. ఆపరేషన్ల సంఖ్య ఆ తర్వాత.

మనుషులు కావాలి, ఫోన్లు చేయాలి, ఇళ్లకు వెళ్లాలి. దీనికి దాతలు సులభంగా డబ్బు ఇవ్వరు. ఒక ఆపరేషన్‌కు ఇంత అని చెప్తే ఇస్తారు, ఒక కార్యకర్త జీతానికి అడిగితే వెనుకాడతారు. ఎల్వీ ప్రసాద్ సంస్థ సుమారు 50 వేల జనాభాకు ఒక విజన్ సెంటర్ (చిన్న కంటి పరీక్ష కేంద్రం) చొప్పున గ్రామాల్లో నెలకొల్పిన పద్ధతి నాకు ఇందుకే నచ్చుతుంది. ఏడాది పొడవునా తెరిచి ఉండే ఒక గది ఉంటే, తగ్గాక రండి అన్న మాటకు చిరునామా ఉంటుంది. నగరంలోని పేటలకూ అలాంటివి కావాలి. అవి వచ్చేదాకా విశాఖలో, చుట్టుపక్కల శిబిరాలు జరిపే సంఘాలవారికి, కళాశాలలవారికి నా అభ్యర్థన ఒకటుంది. శిబిరం తేదీ వేసేటప్పుడే దానికి ఆరు వారాల తర్వాత మరో తేదీ కూడా వేయండి. ఆ రెండో రోజుకు వేదిక, మైకు, భోజనాలు అక్కర్లేదు. షుగర్ చూసే పరికరం, మొదటి రోజు తిరిగి పంపినవారి పేర్లు, వారిని ఇంటింటికీ వెళ్లి పిలిచే ఇద్దరు మనుషులు చాలు. తీర ప్రాంతంలోనైతే ఆ రెండు తేదీలూ ఏప్రిల్ 15కూ జూన్ 14కూ మధ్య పడేలా చూడండి.